బియ్యం డబ్బాలో అద్దెకున్న చిలుక

ఫలక్‌నుమా అనగానే అందరూ ప్యాలెస్ గురించే అడుగుతారు. 2010 నుంచి అది తాజ్ వాళ్ల హోటల్ కాబట్టి నాలాంటివాడు రోడ్డు మీంచి చూసి తృప్తిపడాల్సిందే :) నేను చెప్పబోయేది గుట్ట కింద మా అద్దె పోర్షన్లో, బియ్యం డబ్బాలో కాపురముండే జీవి గురించి.

మూత తియ్యగానే లేచే పాలిపోయిన రంగు చిన్న రెక్కల పురుగుని మీరూ చూసే ఉంటారు. బియ్యపు చిలుక అంటారు, శాస్త్రీయ నామం కార్సైరా సెఫలోనికా. తమాషా ఏంటంటే, ఎగిరేది అసలేమీ తినదు. వారం పది రోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది. తినేదంతా అడుగునున్న లార్వా. నోట్లోంచి దారం తీసి, గింజల్ని అతికించి గూడు కట్టుకుని లోపల కూర్చుని మేస్తుంది. బియ్యం ఉండలు కట్టేది అందుకే. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు నెలన్నర. కాబట్టి ఎగిరేవాటిని కొట్టి చంపడమంటే లాగ్ ఫైల్లో ఎర్రర్ లైన్లు డిలీట్ చేసి బగ్ పోయిందనుకోవడమే.

మా రూమ్మేట్ "ఒక బిళ్ల పడేస్తే పోద్ది రా" అన్నాడు. వాడనేది గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్. గాల్లో తేమ తగిలితే చాలు, 3 గ్రాముల బిళ్ల 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదుల్తుంది. పీలిస్తే విరుగుడు మందు లేదు. మామూలు జనానికి అమ్మకూడదని నిబంధన కూడా ఉంది, అయినా దొరుకుతుంది! మా గోడకవతల ఓనర్ ఆంటీ మనవలు ముగ్గురు పడుకుంటారు. రెండు గదులకీ మధ్య ఒకటే వెంటిలేటర్. పాతిక కిలోల బియ్యం కోసమా ఇదంతా? ఆ రాత్రి గట్టిగానే గొడవ పడ్డాం. "మా ఊళ్లో అందరూ వేస్తారు" అంటాడు. ఊళ్లో గాదె ఇంటి బయటుంటుంది నాయనా, మన బస్తా మంచం కింద!

చివరికి జల్లెడ పట్టాం, ఉండలు ఏరి పారేశాం, డబ్బా అంచులు, మూలలు తుడిచాం. మంచివి కొన్ని కొన్ని మూటలు కట్టి వారం చొప్పున ఫ్రీజర్లో పెడితే గుడ్లు కూడా చచ్చాయి. ఐస్‌క్రీముకి చోటు లేకుండా పోయిందనుకోండి, అది వేరే సంగతి.

అన్నట్టు, మాకు దగ్గర్లోనే రాజేంద్రనగర్లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. అక్కడ ఇదే చిలుకని పెంచడం పనిగట్టుకుని నేర్పిస్తారు. దీని గుడ్లలో ట్రైకోగ్రామా అనే కంటికి సరిగ్గా ఆనని బుల్లి కందిరీగని పెంచి, ఆ గుడ్లంటించిన కార్డులు పొలాల్లో కడితే, ఆ కందిరీగలు బయటికొచ్చి వరిలో కాండం తొలిచే పురుగు గుడ్లని పాడుచేస్తాయి. పురుగుమందు ఖర్చు తగ్గుతుంది.

రూమ్మేట్‌కి ఇది చెప్తే, "అయితే ఇన్నాళ్లూ మనం ఫ్రీగా పెంచామన్నమాట" అన్నాడు.