కుడిచెంప

తెలుగు ఎమ్.ఏ. చదివినవాడికి ఒక దురలవాటు అబ్బుతుంది. ఏ వాక్యం కంటబడినా దానికి అర్థం చెప్పకుండా ఊరుకోలేడు. వసుచరిత్రలోని శ్లేషలు విప్పి చెప్పి నెలనెలా జీతం పుచ్చుకుంటున్నవాణ్ణి, బైబిలు నాకొక లెక్కా అనుకునేవాణ్ణి. మా బాపు లక్షెట్టిపేట వైపు పల్లెల్లో బడిపంతులుగా చేశాడు. రాత్రి ప్రార్థనలో చిక్కు వచనం ఏదైనా తగిలితే "నువ్వు చెప్పురా" అని నావైపు చూసేవాడు. అలా ఆ పెద్దరికం చిన్నప్పుడే నా నెత్తికెక్కింది.

2009 వేసవిలో మా చెల్లెలు మూడేళ్ల పిల్లవాణ్ణి చంకన వేసుకుని కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చింది. అత్తవారిదీ లక్షెట్టిపేట దగ్గరే. రాయపట్నం వంతెన దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా ఒక్కతే వచ్చింది. చెంపమీది కొంగు తీయలేదు. మా ఆవిడే మెల్లగా తొలగించి చూసింది. చూసి, ఒక్క మాటా అనకుండా వంటింట్లోకి వెళ్లి పిల్లవాడికి పాలు కలిపింది.

నేను మాత్రం మాట్లాడాను. రెండు రోజులు ఆగి, మత్తయి సువార్త అయిదో అధ్యాయం తెరిచి, ఒక చెంప కొట్టినవాడికి రెండో చెంప చూపమన్న కొండమీది ప్రసంగాన్ని ఆమెకు వివరించాను. సిలువ, సహనం, తన్ను తాను ఉపేక్షించుకోవడం, అన్నీ వరుసగా వచ్చాయి. చాలా బాగా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ బాగా చెప్పడమే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

అంతా విని చెల్లెలు అన్నది: "నా చెంప నేను తిప్పుకుంటే అది వేరే ముచ్చటన్నా. నువ్వు నా గదువ పట్టుకొని తిప్పుతున్నవ్."

నాకు కోపం వచ్చింది. లెక్చరర్లకు ఎదురు ప్రశ్న వేస్తే వచ్చే కోపమే అది. మర్నాడు ఆమెను బస్సెక్కించి, పిల్లవాడి చేతిలో బిస్కట్ పొట్లం పెట్టి తిరిగి వచ్చాను. గృహహింస నుంచి స్త్రీలను కాపాడే 2005 నాటి చట్టం 2006 అక్టోబరులోనే అమలులోకి వచ్చింది. దానిమీద కాలేజీలో వక్తృత్వ పోటీ పెడితే న్యాయనిర్ణేతగా కూర్చున్నవాణ్ణి నేనే! అయినా ఇంటి సంగతి వేరనుకున్నాను.

మరుసటి ఏడు గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువ మీది ఏడు మాటల్లో మూడో మాటను గురించి నన్ను చెప్పమన్నారు. యేసు తల్లిని శిష్యుడికి అప్పగించే ఘట్టం అది. సిద్ధపడదామని యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయం నుంచి మొదలుపెట్టాను. అక్కడ, ప్రధాన యాజకుడి ఎదుట, ఒక బంట్రోతు యేసును చెంపమీద కొడతాడు. యేసు రెండో చెంప తిప్పలేదు. నా మాటలో తప్పుంటే చూపించు, లేకుంటే ఎందుకు కొట్టావని అడిగాడు.

ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివి ఉంటానో లెక్కలేదు. ఆ రాత్రి మాత్రం అక్కడే ఆగిపోయాను. తిరిగి మత్తయి తెరిచాను. అక్కడున్నది ఉత్త చెంప కాదు, కుడిచెంప. ఎదుట నిలిచినవాడు కుడిచేత్తో కుడిచెంప కొట్టాలంటే చేతి వెనకభాగంతో కొట్టాలి. అది యజమాని బానిసను అవమానించే దెబ్బ అని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. చెంప తిప్పడమంటే అవమానానికి బదులు తీర్చుకోకుండా, లొంగకుండా తలెత్తి నిలబడటమన్నమాట. బిడ్డ చూస్తుండగా ఏళ్ల తరబడి దెబ్బలు తింటూ ఉండమని దానికి ఏ నిఘంటువు అర్థం చెబుతుంది?

లూకా పద్నాలుగో అధ్యాయంలో తలిదండ్రులను ద్వేషించమన్నట్టుండే మాటా అటువంటిదే. ఆదికాండంలో యాకోబు లేయాకంటె రాహేలును ఎక్కువగా ప్రేమించాడని చెప్పి, ఆ వెంటనే లేయా ద్వేషింపబడిందంటారు. ఇష్టంలో వెనకబెట్టడాన్ని హెబ్రీయులు అలా అంటారు. పైగా ఆ పట్టికలో చివరగా ఉన్నది ఎవరి ప్రాణం వాళ్లదే. సంగతి అక్కడుంది. హిప్పో నగర బిషప్పు అగస్టీను నాలుగో శతాబ్దం చివర ఒక కొలత చెప్పాడు: నువ్వు తీసిన అర్థం దేవుడి మీదా పొరుగువాడి మీదా ప్రేమను పెంచకపోతే, నీకింకా అర్థం కానట్టే. ఆ కొలతతో నా వ్యాఖ్యానాన్ని కొలుచుకున్నాను. నిల్చే చోటే కనబడలేదు.

వ్యాకరణం చెప్పేవాణ్ణి కనుక నా తప్పు నాకు వ్యాకరణంలోనే దొరికింది. ఉపేక్షించుకోవలసింది తన్ను తాను. క్రియను సరిగానే పట్టుకుని, కర్మను మార్చేశాను. నా బదులు చెల్లెల్ని ఉపేక్షించాను.

తెల్లవారి బాపుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎందుకో డిచ్‌పల్లి మాట ఎత్తాడు. 1915లో స్కాట్లండు డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టారు. నర్సాగౌడ్ అనే ధనవంతుడు సాయం చేశాడు. ఆమె 1932లో చనిపోయేదాకా అదే పనిలో ఉంది. "ఆ డాక్టరమ్మ రోగులతోని ఇది మీ సిలువ, మోయుండ్రి అనలేదురా. పుండు కడిగింది" అన్నాడు బాపు.

ఇక నేను వదులుకోవలసింది ఏమిటి? మా రెండు గదుల ఇంట్లో నా పుస్తకాల గది. జీతంలో కొంత. గుడి బయట ఆదివారం వినిపించే గుసగుస, ఆడబిడ్డను పుట్టింట్లో పెట్టుకున్నారట అని. ఇంతకంటె ఏమీ లేదు. దీనికోసం ఏడాది పాటు ఆమె చెంపను బలిపెట్టాను.

శనివారం తెల్లవారి బస్సుకు బయలుదేరాను. చెల్లెలు వాకిట్లో అంట్లు తోముతోంది. "సామాను సర్దుకో" అన్నాను. ఎందుకని అడగలేదు. ఎడమచేయి మణికట్టు దగ్గర వంకరగా అతికింది. అదెప్పుడు జరిగిందో నేనూ అడగలేకపోయాను.

తర్వాత ఆమె బీ.ఎడ్. చేసింది. ఇప్పుడు పిల్లవాడు కాలేజీలో ఉన్నాడు. నాలుగేళ్ల కిందట బావ వచ్చి, తాగుడు మానేశానని, క్షమించమని అడిగాడు. చెల్లెలు మంచినీళ్లిచ్చింది. "ఎప్పుడో క్షమించిన. కాని మళ్ల రాను" అన్నది. అతను నావైపు తిరిగి, "నువ్వన్న చెప్పు బావా, వాక్యం తెలిసినోనివి" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. అలవాటు కదా!

"అన్నా, నువ్వు లోపలికి పో. నేను మాట్లాడుతున్న" అన్నది చెల్లెలు.

లేచి వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ చాయ్ పెడుతోంది. కప్పులు కడిగివ్వమంది. కడిగాను.