అద్దె.. ఇంటావిడ చేతికే!

హవానా పాత వీధుల్లో నడుస్తుంటే కొన్ని తలుపుల మీద ఓ చిన్న నీలిరంగు గుర్తు కనిపిస్తుంది. చూడ్డానికి తలకిందులు చేసిన లంగరులా ఉంటుంది. పెచ్చులూడిన గోడలు, రంగు వెలిసిన బాల్కనీలు, తీగల మీద ఆరేసిన బట్టల మధ్య దాన్ని పట్టుకోవడం కొంచెం కష్టమే. పట్టుకుని తలుపు తట్టారంటే మాత్రం క్యూబాలో బస దొరికినట్టే. విదేశీయులకు గది అద్దెకివ్వడానికి ఆ ఇంటివాళ్లు సర్కారు అనుమతి తీసుకున్నారని దానర్థం. ఇలాంటి ఇంటిని స్పానిష్‌లో ‘కాసా పర్తికులార్’ అంటారు. అంటే, ప్రైవేటు ఇల్లు.

ఇక్కడ హోటల్లో మాదిరి కౌంటరు ఉండదు. సాధారణంగా కార్డు గీకే యంత్రమూ ఉండదు. ఉన్నన్నాళ్లు ఉండి, బయల్దేరే రోజు పొద్దున్నే లెక్క చూసుకుని నోట్లు ఇంటావిడ చేతిలో పెట్టాలి. అంతే!

టీకొట్టులో కూడా ఫోను చూపించి డబ్బు కట్టే రోజుల్లో ఇదేం పద్ధతి అనిపించొచ్చు. కానీ, కాశీ వెళ్లొచ్చిన పాతతరం తెలుగువాళ్లకు ఇది మరీ కొత్తేం కాదు. తెలుగు పంతులుగారి ఇంట్లో దిగడం, అక్కడే ఇంత పప్పన్నం తినడం, తిరుగు ప్రయాణమప్పుడు సంభావన చేతిలో పెట్టి దణ్ణం పెట్టి రావడం.. ఇంచుమించు ఇదీ అలాంటిదే. కాకపోతే, హవానాలో చేతులు మారే ఆ నోట్ల వెనక ఓ దేశం పడ్డ ఇబ్బందుల కథ ఉంది.

కష్టకాలంలో తెరుచుకున్న తలుపు

క్యూబా చక్కెరను మంచి ధరకు కొని, చౌకగా చమురిచ్చిన దేశం సోవియట్ యూనియన్. 1991లో అది కాస్తా ముక్కలైంది. ఒక్కసారిగా క్యూబాలో బస్సులు ఆగిపోయాయి, కరెంటు పోయింది, తిండికి కటకటలాడాల్సి వచ్చింది. ఆ రోజుల్ని అక్కడివాళ్లు ‘ప్రత్యేక కాలం’ అంటారు. పేరు వింటే పండగేమో అనుకుంటాం. నిజానికి 1962 నుంచీ ఉన్న రేషన్ పుస్తకంలో సరుకులు ఒక్కొక్కటే తగ్గిపోయిన కాలమది. విదేశీ డబ్బు లేనిదే గడవదని 1993లో ప్రభుత్వం తన ప్రజలు డాలర్లు దగ్గర ఉంచుకోవచ్చంది. అంతకుముందు అది నేరం. 1997లో ఇంట్లో గదుల్ని అద్దెకిచ్చుకోవడానికీ చట్టబద్ధంగా అనుమతిచ్చింది.

ఉచితంగా ఏమీ ఇవ్వలేదు లెండి. గదికింత చొప్పున నెలనెలా పన్ను కట్టాల్సిందే. అతిథులు వచ్చినా రాకపోయినా ఆ పన్ను తప్పేది కాదు. ఏడాది చివర్లో ఆదాయపు పన్ను వేరే. వచ్చినవాళ్ల పాస్‌పోర్టు వివరాలన్నీ రాసుకుని ఇమిగ్రేషన్ వాళ్లకు తెలియజేయాలి. అయినా జనం వెనకాడలేదు. ఎందుకో ఓ లెక్క చూస్తే తెలిసిపోతుంది. 2014లో క్యూబా తన వైద్యుల జీతాలు పెంచింది. రెండు స్పెషలైజేషన్లు చేసిన డాక్టరుకు నెలకు 26 డాలర్ల నుంచి 67 డాలర్లకు పెరిగిందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. ఆ రోజుల్లో పర్యటకులు దిగే గదికి రాత్రికి పాతిక డాలర్లు మామూలు అద్దె. పొద్దుటి ఫలహారానికి మరో అయిదు. అంటే, మూడు రాత్రుల అద్దె ఓ పెద్ద డాక్టరు నెల జీతాన్ని దాటిపోయేది. ఉపాధ్యాయులూ ఇంజినీర్లూ ఉద్యోగాలు వదిలేసి దుప్పట్లు ఉతకడానికి సిద్ధపడ్డారంటే పడరూ మరి!

కొబ్బరిచెట్లూ పాతకాలం కార్లూ ఎలాగూ ఫొటోల్లో చూస్తాం. క్యూబాను దగ్గరగా చూడాలంటే మాత్రం కాసాలో వంటింటి పక్కన కూర్చోవాలి. బొప్పాయి ముక్కలు, గుడ్డట్టు, చిక్కటి కాఫీ. రాత్రికి నల్ల చిక్కుడు గింజలతో అన్నం. (శాకాహారులు ముందే చెప్పుకోవాలి. ఆ గింజల్లో రుచి కోసం పంది మాంసం ముక్క వేయడం అక్కడ మామూలే.) ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా ‘మి అమోర్’.. అంటే, ‘నా బంగారం’ అన్నంత ప్రేమగా పిలుస్తారు.

మధ్యలో ఎవరు?

అతిథికీ ఇంటికీ మధ్య మూడో మనిషి చొరబడితే లెక్క మారిపోతుంది. బస్టాండు దగ్గరో పాతబస్తీ కూడలిలోనో ఓ కుర్రాడు నవ్వుతూ పలకరిస్తాడు. ‘మీరు వెళ్లే ఇల్లు నిండిపోయింది, మంచి ఇల్లు చూపిస్తా’ అంటాడు. చూపిస్తాడు కూడా. ఆ తర్వాత ఆ అతిథి ఉన్నన్ని రాత్రులకూ రోజుకు అయిదు డాలర్ల దాకా అతడి వాటా. అది అతిథి నుంచి అదనంగానైనా రాబట్టుకోవాలి, లేదంటే ఇంటావిడ తన సంపాదనలోంచైనా తీసివ్వాలి. అందుకే తెలిసినవాళ్లు చిరునామా చేతిలో పట్టుకుని, ఎవరు పిలిచినా ఆగకుండా నేరుగా వెళ్లి తలుపు తడతారు.

ఇంకో రకం మధ్యవర్తి కూడా ఉన్నాడు. 2015 ఏప్రిల్‌లో ఎయిర్‌బీఎన్‌బీ క్యూబాలో అడుగుపెట్టింది. మొదట్లోనే వెయ్యికి పైగా ఇళ్లు చేరాయి. తమాషా ఏంటంటే, ఆ ఇళ్లలో చాలావాటికి ఇంటర్నెట్టే లేదు. అమెరికాలో కార్డుతో కట్టిన డబ్బును ఇంకో సంస్థ మనుషులు ఇంటింటికీ తిరిగి నోట్ల రూపంలో అందించేవారు. ఎంత చుట్టు తిరిగినా ఆఖరికి ఆవిడ చేతికి చేరేది నోట్లే అన్నమాట!

క్యూబాలో పాతకాలపు పద్ధతి ఒకటుంది. అది వీటన్నిటికన్నా ముచ్చటైంది. హవానాలో బస ముగిశాక ఎక్కడికని అడుగుతారు. సున్నపురాయి గుట్టల మధ్య పొగాకు పండే వీన్యాలెస్ అనో, 1514లో కట్టిన ట్రినిడాడ్ అనో చెబితే చాలు. ఇంటావిడ ఫోను తీసి అక్కడి తన స్నేహితురాలికి చెప్పేస్తుంది. బస్సు దిగేసరికి పేరు రాసిన అట్టముక్క పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంటుంది. అడ్వాన్సు లేదు, రసీదు లేదు. ఇందులో తిరకాసూ లేకపోలేదు. ముందు దిగినవాళ్లు ఇంకో రోజు ఉంటామంటే గది దొరకదు. అప్పుడు మనల్ని పక్కవీధిలో చెల్లెలింటికో వదినగారింటికో తీసుకెళతారు. మంచం దొరుకుతుంది కానీ అనుకున్న ఇల్లు కాదు.

ఏ నోటివ్వాలి?

క్యూబాకు బయల్దేరేవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. దాదాపు పాతికేళ్లపాటు ఆ దేశంలో రెండు రకాల పెసోలు చలామణి అయ్యాయి. ఒకటి స్థానికులది. రెండోది డాలరుతో సమానమైన ‘మార్పిడి పెసో’. కాసా అద్దె ఈ రెండో దాంట్లో కట్టేవారు. 2021 జనవరి 1న దాన్ని ఎత్తేశారు. డాలరుకు 24 పెసోలని ప్రకటించారు. బజారు ఒప్పుకోలేదు. 2022 ఆగస్టులో సర్కారే 120కి పెంచింది. 2024లో వీధుల్లో రేటు 300 దాటిపోయింది. ఇలాంటి చోట పెసోల్లో దాచుకున్న డబ్బు ఎండలో పెట్టిన ఐసుముక్కే. అందుకే ఇంటివాళ్లు యూరోలో డాలర్లో చేతికిమ్మంటారు. ప్రభుత్వ హోటళ్లు చాలావరకు కార్డు అడుగుతాయి, ఇళ్లు నోట్లు అడుగుతాయి. ఎటు కడితే డబ్బు ఎవరి దగ్గరికి చేరుతుందో దీన్నిబట్టే అర్థమైపోతుంది.

మన దేశం నుంచి వెళ్లేవాళ్లు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ మేరకు విదేశీ నోట్లు తీసుకోవచ్చు. రూపాయలు పట్టుకెళ్లి హవానాలో మార్చుకుందామంటే కుదరదు. చిన్న నోట్లు ఎక్కువగా ఉంచుకోవాలి. చిరిగినవీ పెన్నుగీతలున్నవీ తీసుకోరు. యాభై ఇచ్చి చిల్లర అడిగితే ఇంటావిడ ఇరుగింటికీ పొరుగింటికీ తిరగాలి, పాపం.

అమెరికా తెలుగువాళ్లకో మెలిక

హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉండే మనవాళ్లకు క్యూబా దగ్గరే. కానీ సరదాగా చూసి రావడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. అమెరికాలో ఉంటున్నవాళ్లు ఏ దేశ పాస్‌పోర్టుతో ఉన్నా ఈ నిబంధన వర్తిస్తుంది. అనుమతించిన కారణాల్లో ‘క్యూబా ప్రజలకు మద్దతు’ ఒకటి. ప్రైవేటు ఇంట్లో దిగడం, ప్రైవేటు భోజనశాలల్లో తినడం ఈ కోవలోకి వస్తాయి. అలాగని గది తీసుకుని రోజంతా సముద్రం ఒడ్డున పడుకుంటే సరిపోదు, రోజంతా స్థానికులతో కలిసి ఏదో ఒక కార్యక్రమం ఉండాలి. ఫలానా హోటళ్లలో దిగకూడదని 2020 సెప్టెంబరులో ఓ జాబితా కూడా పెట్టారు.

ఖర్చుల లెక్కలు భద్రపరచాలి. అయిదేళ్లుండే ఆ గడువును 2025 మార్చి నుంచి పదేళ్లు చేశారు. మరి నోట్లు చేతికిస్తే రుజువేది? అందుకే అమెరికా నుంచి వచ్చినవాళ్లు రసీదు కావాలంటారు. ఇంటావిడ పిల్లల నోటుపుస్తకంలోంచి ఓ కాగితం చించి, తేదీలు, రాత్రులు, మొత్తం రాసి సంతకం చేసిస్తుంది. ఆ కాగితం పదేళ్లు జాగ్రత్తగా దాచుకోవాల్సిందే.

నేరుగా కట్టడమంటే ముందే కట్టడం కాదు. ఈ తేడా తెలియకే చాలామంది మోసపోతుంటారు. వెబ్‌సైటులో గది చూపించి, ‘కమీషను మిగులుతుంది, డబ్బు ఫలానా బ్యాంకు ఖాతాలో వేయండి’ అనేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. అలా వేసిన డబ్బుకు ఆ వెబ్‌సైటు పూచీ ఉండదు. గది లేకపోతే అడిగే దిక్కుండదు. కాసా పద్ధతిలో అందం ఎక్కడుందంటే, గది చూసి, నిద్రపోయి, కాఫీ తాగిన తర్వాతే డబ్బులు బయటికి తీస్తారు. నమ్మకం పెట్టాల్సింది అతిథి కాదు, ఇంటావిడ.

ఆ నమ్మకానికి ఇప్పుడు గడ్డుకాలమొచ్చింది. 2018లో 47 లక్షల మంది పర్యటకులు వెళ్లిన దేశానికి 2024లో వెళ్లింది 22 లక్షల మందే. ఆ ఏడాది అక్టోబరులో దేశం మొత్తం చీకటైపోయింది. తర్వాత కూడా కరెంటు కోతలు, ఇంధన కొరత తప్పలేదు. అందుకని ప్రయాణం పెట్టుకునేవాళ్లు ముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోవాలి. గది మాట్లాడుకునేటప్పుడు అద్దె ఎంత అని అడగడంతో సరిపెట్టకుండా కరెంటు పోతే ఏం చేస్తారు, నీళ్లు ట్యాంకులో ఉంటాయా అని కూడా అడగడం మంచిది. సబ్బులు, మాత్రలు, పిల్లల పెన్సిళ్లు కాసిని సంచిలో వేసుకెళితే ఇంకా సంతోషిస్తారు. అయితే వాటిని అద్దెలో మాత్రం మినహాయించకూడదు సుమా!