కొలిచేది ఏమిటో అడగాలి

ఫిఖ్హ్ గ్రంథాలలో ‘కైల్’, ‘వజ్న్’ అనే రెండు మాటలు తరచుగా కనిపిస్తాయి. కైల్ అంటే పాత్రతో కొలవటం, వజ్న్ అంటే త్రాసుతో తూచటం. ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకు నేను ఈ పాఠం చెబుతున్నాను. అయితే వాటి మధ్య ఉన్న దూరం నాకు బోధపడింది మదరసాలో కాదు, మా వంటగదిలో.

కొన్నేళ్ల క్రితం రమజాన్ చివరి దినాలలో మా వీధిలోని ఒక వృద్ధురాలు ఫిత్రా పరిమాణం తెలుసుకోవటానికి వచ్చారు. ఆమె ఇంట్లో త్రాసు లేదు. చేతిలోని రేకు డబ్బా చూపి, “మౌలానా సాహెబ్, తలకు ఎన్ని డబ్బాలో చెప్పండి, చాలు” అన్నారు.

హనఫీ ధర్మవేత్తల ప్రకారం గోధుమలైతే మనిషికి అర సా. మన దేశంలోని ఉలమా దీనిని సుమారు 1 కిలో 633 గ్రాములుగా లెక్కగట్టారు. అన్ని గోధుమలు తూచి ఆ డబ్బాతో కొలిస్తే రెండు డబ్బాలయ్యాయి. “తలకు రెండు డబ్బాలు, ఖాలా” అని చెప్పి పంపాను.

ఆ రాత్రి తరావీహ్ నుండి వచ్చాక నా శ్రీమతి అడిగారు: “ఖాలా ఇస్తున్నది గోధుమలు కాదు, పిండి. డబ్బాడు గోధుమలూ డబ్బాడు పిండీ ఒకే బరువు తూగుతాయా?”

నా వద్ద జవాబు లేదు. డబ్బా తెప్పించి పిండితో నింపి తూచాము. రెండు డబ్బాలు కలిసి 1 కిలో 150 గ్రాములు! మనిషికి దాదాపు అర కిలో తక్కువ. వారి ఇంట్లో ఆరుగురు. అంటే నా మాట వల్ల పేదల హక్కులో మూడు కిలోల వరకు లోటు ఏర్పడింది.

వంట చేసే స్త్రీలకు ఇది కొత్త విషయం కాదు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో నీరు 200 గ్రాములు తూగితే, పంచదార సుమారు 170, గోధుమపిండి 110 గ్రాములే తూగుతాయి. తేనె 280 గ్రాముల వరకు ఉంటుంది. పిండిని తట్టి నింపితే ఒక బరువు, జల్లించి పోస్తే మరొక బరువు.

సా కూడా మొదట పాత్ర కొలతే. నాలుగు ముద్దులు ఒక సా. ముద్ద్ అంటే మధ్యరకం మనిషి దోసిలి నిండా పట్టేంత. సా ఎనిమిది రతల్ అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ.) అభిప్రాయం. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ.) మదీనా వెళ్లినప్పుడు, అక్కడివారు తరతరాలుగా తమ ఇళ్లలో ఉన్న సా పాత్రలు తెచ్చి చూపారు. పరిశీలిస్తే అవి ఐదుంబావు రతల్ కంటే కాస్త ఎక్కువగా తేలాయి. ఆయన తన అభిప్రాయం మార్చుకున్నారు. అంతటి పండితుడు ఇళ్లలోని పాత్రలను చూసి పాఠం దిద్దుకున్నప్పుడు, నేను సంకోచించటం ఏమిటి?

మరునాడు ఫజ్ర్ కాగానే వెళ్లి, తప్పు నాదేనని ఖాలాకు చెప్పాను. ఆమె మూటలు విప్పి, మరికొంత పిండి కలుపుతూ నవ్వారు: “ఎన్ని డబ్బాలో చెప్పారు గాని, ఏమి ఇస్తున్నావని మీరు అడగనే లేదు!”

ఆనాటి నుండి ఎవరైనా ‘ఎంత?’ అని అడిగితే, ముందు ‘ఏమిటి?’ అని అడుగుతున్నాను. కొలతలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. తెలియక తగ్గించినా లోటు లోటే. తెలిసిన వెంటనే పూడ్చాలి. అనుమానం ఉన్నచోట ఒక దోసిలి ఎక్కువే వేద్దాం. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక! ఆమీన్.