కాలం చెప్పని సంకల్పం



సంకల్పంలో దేశకాలసంకీర్తనం ఎందుకని జిజ్ఞాసువులు తరచుగా ప్రశ్నిస్తుంటారు. శ్వేతవరాహకల్పంతో ఆరంభించి మన్వంతరం, యుగపాదం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వాసరం వరకు దిగివచ్చిన పిమ్మటనే యజమాని గోత్రనామాలు ఉచ్చరింపబడతాయి. వైదికకర్మకు కాలం కేవలం సందర్భం కాదు, అది కర్మకు అంగం. కాలనిర్దేశం లేని ప్రతిజ్ఞ లోకవ్యవహారంలో ఎట్టి క్లేశానికి హేతువగునో కోనసీమలోని ఒక పురోహితుని అనుభవం వలన తెలియగలదు.

ఆయన వయస్సు యాభైరెండు. చుట్టుప్రక్కల ఆరు గ్రామాలకు పంచాంగం చెప్పేది ఆయనే. గ్రహణ స్పర్శమోక్షకాలాలను నిమిషాలతో సహా చెప్పగలరు. ఊరూరా తిరుగుటకు ఋణంపై ఒక మోటారుసైకిలు కొన్నారు. ముప్పైయారు వాయిదాలు, ప్రతి నెల 5వ తేదీన 3,140 రూపాయలు ఖాతా నుండి దానంతట అదే పోయే ఏర్పాటు. ఆదాయమా, సంభావనల రూపంలో వచ్చేది. మాఘ ఫాల్గుణాలలోను, శ్రావణంలోను ఊపిరి సలపదు. ఆషాఢంలోను, పుష్యంలోను, గురుశుక్ర మౌఢ్యాలలోను పిలుపు ఉండదు. ఋణదాతకు మాత్రం మౌఢ్యం అంటదు.

శుభకృత్ నామ సంవత్సర మాఘ పౌర్ణమి, అనగా 2023 ఫిబ్రవరి 5, ఆదివారమైనది. సెలవునాడు వసూలు జరగదని, మరునాటికి జరుగుతుందని ఆయన పూర్వానుభవం. ఆనాడు సామూహిక సత్యనారాయణ వ్రతాలు చేయించి, తాంబూలాలలో వచ్చిన నోట్లను సోమవారం ప్రాతఃకాలమే బ్యాంకులో జమచేయవచ్చునని నిశ్చింతగా నిద్రించారు. కాని వాయిదాలను వసూలు చేసే నాచ్ అను వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుండి ఆదివారాలలోను, సెలవు దినాలలోను కూడ పనిచేస్తున్నది. ఆయన వ్రతకథ చెప్పుచున్న వేళకే బిల్లు వచ్చి, నిల్వ చాలక తిరిగిపోయినది. బ్యాంకు జీఎస్టీతో కలిపి 295 రూపాయలు, ఋణదాత 590 రూపాయలు అపరాధరుసుము విధించారు.

సంధ్యావందనంలో ముఖ్యకాలం అతిక్రమిస్తే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఒకటి అధికంగా విడువవలెను. దానికి ఖర్చు దోసెడు నీరు. 885 రూపాయల ప్రాయశ్చిత్తం ఆయన ఏ ధర్మశాస్త్రంలోను చదివి ఉండలేదు.

సోమవారం డబ్బు కట్టి, బిల్లు మరల ఎప్పుడు వస్తుందని అడిగితే, రెండు మూడు రోజులలో రావచ్చునన్నారు. అది వచ్చినది 14వ తేదీన. తొమ్మిది రోజులపాటు ఆ మొత్తాన్ని తాకక, ఇంటికి అప్పుపై బియ్యం తెచ్చుకొన్నారు. అటుపిమ్మట తాను సంతకం చేసిన అనుమతిపత్రం నకలును పెట్టె నుండి తీయించి, కుమారునిచేత చదివించుకొన్నారు. ఎన్నిమారులు వసూలు చేయవలెనన్న చోట నెలకు ఒకటి, మూడునెలలకు ఒకటి, సంవత్సరానికి ఒకటి అని వేర్వేరు గడులు ఉన్నవి. గుర్తు పడినది వాటిలో వేటికీ కాదు, చిట్టచివరి గడికి. యాజ్ అండ్ వెన్ ప్రెజెంటెడ్. ఎప్పుడు సమర్పిస్తే అప్పుడు అని తాత్పర్యం. మొత్తం వద్ద కూడ వాయిదా సొమ్ము కాక అంతకు మించిన గరిష్ఠపరిమితి వ్రాయబడి ఉన్నది. ముప్పైయేళ్ళుగా ఊరందరిచేత తిథివారనక్షత్రాలు పలికించిన మనిషి, తన సంకల్పాన్ని మాత్రం కాలం లేకుండ చేసుకొన్నాడు. ఇందులో ఆయన ఎవరినీ నిందించలేదు. ఆ గుర్తు పెట్టినది ఎదుటివారైనా సంతకం ఆయనదే.

ఇంతవరకు జరిగినది ధననష్టం. అటుపిమ్మట జరిగినది వేరు.

అదే ఆలయంలో ఒక నాదస్వర విద్వాంసుడు ఉండేవాడు. నలభైయారేళ్ళవాడు. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో చేరి ఉన్నాడు. ఏ కారణంచేత మరణించినా రెండు లక్షల రూపాయలు వచ్చే పథకమది. సంవత్సరానికి 330 రూపాయలుగా ఉన్న చందా 2022 జూన్ 1 నుండి 436 అయినది. మే 25 నుండి 31 లోపు ఏదో ఒకనాడు ఖాతా నుండి అది తీసుకొనబడుతుంది. ఏనాడన్నది బ్యాంకు ఇష్టం. 2023 మే 27న ఉదయసేవానంతరం ఆ విద్వాంసుడు పురోహితుని అడిగాడు. "అయ్యగారూ, ఆ ఇన్సూరెన్సు డబ్బు పోయి ఉంటుందంటారా? అమ్మాయి కాలేజీకి కట్టాలి, ఉన్నదంతా తీద్దామనుకుంటున్నాను." ఆయన బీమా చందా అంతకు ముందురోజే పోయినది. చరవాణిలో సందేశం చూసుకొని, "నాది నిన్ననే పోయిందయ్యా, నీదీ పోయే ఉంటుంది" అన్నారు.

ఇరువురి ఖాతాలు వేర్వేరు బ్యాంకులలోనివి. విద్వాంసుని ఖాతాకు బిల్లు వచ్చినది మే 30న. అప్పటికి నిల్వ 210 రూపాయలు. తిరస్కరణ సందేశం ఆంగ్లంలో వచ్చి, చదివేవారు లేక అట్లే ఉండిపోయినది. శోభకృత్ సంవత్సరంలో శ్రావణం అధికమాసమైనది. శుభకార్యాలు లేవు, సన్నాయికి పిలుపు లేదు. ఆ అధికశ్రావణంలోనే ఒక రాత్రి గుండె ఆగి ఆయన కాలం చేశాడు. పెద్దకర్మ జరిగిన తరువాత ఆయన భార్యను వెంటబెట్టుకొని పురోహితుడు బ్యాంకుకు వెళ్ళారు. మేనేజరు సహృదయుడు. పుస్తకంలోని పంక్తులు ఒక్కొక్కటి చూపి, "చందా అందలేదు పంతులుగారూ, జూన్ 1 నుండి బీమా లేనట్టే. జూన్ మొదటివారంలో మళ్ళీ చేరి ఉన్నా, ముప్పై రోజులు గడిచాక పనికివచ్చేది" అన్నాడు. ప్రమాదమరణమైతే ఆ ముప్పై రోజుల నిబంధన వర్తించదని కూడ చెప్పాడు. ఎవరూ మరల చేరలేదు గనుక ఆ మాటలన్నీ వ్యర్థం.

మెట్లు దిగుతూ పురోహితుడు ఆ ఇల్లాలికి మే 27నాటి సంభాషణ యావత్తు చెప్పారు. దాచవచ్చును, అడిగేవారు లేరు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మీరు అలా అనకపోయినా పిల్ల ఫీజు కట్టాల్సిందేగా అయ్యగారూ" అని, ఆటో కోసం రోడ్డువైపు చూసింది. ఆ మాటవలన ఆయనకు ఊరట కలగలేదు. నేటికీ కలగలేదు.

బ్రాహ్మణుడు పుట్టుకతోనే మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. బ్రహ్మచర్యంచేత ఋషిఋణం, యజ్ఞంచేత దేవఋణం, సంతతిచేత పితృఋణం తీరుతాయి. అథర్వవేదంలోని ఆనృణ్య సూక్తాలలో అచ్చంగా లౌకికమైన అప్పు ప్రసక్తి కూడ కలదు. ఋణాన్ని లౌకికమని చిన్నచూపు చూడని సంప్రదాయం మనది. పితృతిథి కూడ ఆంగ్లతేదీలలో ఏటేటా కదులుతుంది. అయినా పుత్రుడు చిక్కుపడడు. చంద్రగతి గణితానికి లొంగుతుంది, పంచాంగం ముందే అచ్చవుతుంది. బ్యాంకు గతికి అట్టి గణితం లేదు. జ్యోతిర్గణితంలో తలపండిన పురోహితుడు ఇక్కడ గణితాన్ని విడిచిపెట్టవలసి వచ్చినది.

ఆయనకు మార్గం తోచినది గర్భాలయంలో. అఖండదీపానికి చమురు పోసేవాడు, ఇది ఏ జామున అడుగంటుతుందని లెక్క వేయడు. సగం తగ్గకముందే పోస్తాడు. ఆయన పాత ఖాతాను ఋణాలకే విడిచి, సంభావనలకు కనీసనిల్వ అక్కరలేని మరొక ఖాతాను వేరే బ్యాంకులో తెరిచారు. పాత ఖాతాలో రెండు వాయిదాలు, బీమా చందాలు ఎల్లవేళలా ఉండేటట్లు చూస్తారు. ఒక వాయిదా పోయిన రోజుననే దాని స్థానంలో మరొకటి వేస్తారు. అంత మొత్తాన్ని మొదటిసారి కూడబెట్టుటకు ఆయనకు ఒక పూర్తి ఫాల్గుణమాసం పట్టినది. చేతిలో అదనపు సొమ్ము లేనివానికి ఇది సులభమని ఎవరైనా చెబితే నమ్మరాదు. చందా పోయినదో లేదో ఖాతాపుస్తకంలో అచ్చు వేయించి చూచిన తరువాతనే ఇతరులకు మాట ఇస్తారు. ఇతరుల ఖాతా గురించి అసలే చెప్పరు.

నాదస్వర విద్వాంసుని భార్యను, తమ ఆలయ పరిచారకులలో యాభై దాటని నలుగురిని ఆయనే స్వయంగా బ్యాంకుకు తీసుకొనిపోయి ఆ బీమాలో చేర్పించారు.

2024 మే నెలలో శుక్రమౌఢ్యం నడుస్తున్నది. ముహూర్తాలు లేవని తెలిసి కూడ ఒక తల్లి కుమార్తె పెళ్ళి మాటకై వచ్చి, ఆయన ముందు తెరిచి ఉన్న పంచాంగంలో 25 నుండి 31 వరకు ఎఱ్ఱసిరాతో గీచిన గీతను చూసింది.

"ఇది మూఢమాండీ?"

"మూఢం దీనికి వెనకా ముందూ ఉందమ్మా. ఇది వేరు. ఈ ఏడు రోజులూ బ్యాంకులో డబ్బు కదపకూడదు. మీవారిది కూడ ఉంటుంది, ఇంటికి వెళ్ళి చెప్పండి" అని ఆయన పుట త్రిప్పి శ్రావణ ముహూర్తాలు చూడసాగారు.