మెట్లూ మూటలూ

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడిపోయింది. వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచీ అదే గోల. ‘మూడంతస్తులు ఎక్కి చావమంటారా’ అని ఒకాయన మెసేజీ. నాకంటే పదేళ్లు చిన్నవాడు, పొద్దున్నే వాకింగ్ కూడా చేస్తాడు! నేను జవాబివ్వలేదు గానీ ఒళ్లు మండిపోయింది. బెజవాడ వన్ టౌన్‌లో, కొండ మీద ఇళ్లలో పుట్టి పెరిగినవాడి ముందు మెట్ల గురించి సణగకూడదు.

మా ఇల్లు చిట్టినగర్ వైపు కొండ మీద. అక్కడ అద్దె లెక్క తేలిక. పైకి వెళ్లేకొద్దీ మెట్లు పెరుగుతాయి, అద్దె తగ్గుతుంది. మేం బాగా పైనే ఉండేవాళ్లం. కుళాయి మాత్రం కింద. తెల్లవారుజామున బిందెల వరస. మనిషి లేకపోతే బిందె స్థానంలో రాయి పెట్టి వెళ్లేవారు, ఆ రాయికీ పరువుండేది. అమ్మ చంకన బిందె, చేతిలో బకెట్టు పట్టుకుని ఎక్కుతుంటే, వెనక నేను చిన్న బిందెతో సగం నీళ్లు మెట్ల మీదే ఒలకబోసుకుంటూ వెళ్లేవాణ్ని. మా ఇంటికొచ్చిన చుట్టాలు మంచినీళ్లడగడానికి మొహమాటపడేవాళ్లు. కాఫీ అయితే ధైర్యంగా అడిగేవాళ్లు.

నాన్నది కాళేశ్వరరావు మార్కెట్లో ముఠా పని, అంటే బస్తాలు మోయడం. ఆ మార్కెట్ అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరు మీద పెట్టింది. ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు. నాన్నకు ఆ సంగతులేం పట్టేవి కావు. లారీ వచ్చిందా, ఏం సరుకు, బస్తా ఎంత, ఇవే. అప్పట్లో ధాన్యం బస్తా 75 కిలోలు. పంచదార బస్తా క్వింటాలు. పంచదార లారీ వచ్చిన రోజు నాన్న ఇంటికొచ్చి మాట్లాడేవాడు కాదు. చెక్క బల్ల మీద వాలి, వీపుకి అమ్మ చేత నూనె రాయించుకునేవాడు. అందుకే నాకు ఇప్పటికీ పంచదారంటే కోపం. టీలో వేసుకుంటాననుకోండి, అది వేరు.

మనిషి చేత 55 కిలోలకు మించి మోయించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. ఉద్యోగంలో చేరాక ఎక్కడో చదివి, గొప్పగా నాన్నకు చెప్పాను.

“మరి మిగతా నలభై అయిదూ ఎవడు మోస్తాడంటరా?” అన్నాడు.

తర్వాత 2018లో యూరియా బస్తాను 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. మోసేవాడి నడుము మీద జాలితో కాదు, రైతు ఎరువు తక్కువ వాడతాడని. ఏదైతేనేం, అయిదు కిలోలు అయిదు కిలోలే.

నాన్న రోజుల్లో సాయంత్రం ముఠా అంతా మేస్త్రి చుట్టూ కూర్చుని కూలి డబ్బులు వాటాలు వేసుకునేవారు. నాన్న వాళ్ల ముఠాలో జ్వరంతో సగం రోజే వచ్చినవాడికీ పూర్తి వాటా. మేస్త్రి చిల్లర పొరపాటు చేస్తే మాత్రం వీధంతా వినపడేది.

మేస్త్రి అంటే గుర్తొచ్చింది. 1993లో ‘ముఠా మేస్త్రి’ వచ్చింది. మా నాన్నను తీసుకెళ్లాను. మార్కెట్లో చిరంజీవి స్టెప్పులేస్తుంటే హాలంతా ఈలలు. నాన్న నా చెవిలో, “బస్తాలు దించినోడికి ఇంత ఎగిరే ఓపికుంటదంట్రా?” అన్నాడు. తర్వాత నాకు చెప్పకుండా ముఠా వాళ్లతో మళ్లీ వెళ్లొచ్చాడని అమ్మ బయటపెట్టింది.

బెజవాడకి సినిమా పిచ్చి ఇవాళ్టిది కాదు. పోతిన శ్రీనివాసరావుగారు 1921లోనే ఇక్కడ మారుతి హాలు కట్టారు. దుర్గా కళామందిరం 1929 నాటిది. మాకు నేల టిక్కెట్టే గతి. కింద కూర్చుంటే ముందువాడి తల అడ్డం, వాడికి మన మోకాలు అడ్డం, మధ్యలో ఉప్పు శనగల పొట్లాం. ఇంటర్వెల్లో ఎవడో ఒకడు దెబ్బలాడాల్సిందే.

ఇప్పుడు మాల్‌లో పాప్‌కార్న్ బకెట్టు ఖరీదు పెట్టి సినిమాకెళ్తే, ఈల వేసినందుకు ముందు వరసలో అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. చిరంజీవి సినిమాకి ఈల వెయ్యకూడదంటే ఇక హాలుకెందుకండీ వెళ్లడం?