లెక్క చూచువారి లెక్క

పలువురు పంచుకొను ధాన్యపుగాదెకు కొలమానిక యెట్టిదో, పలువురు పంచుకొను కంప్యూటరు డిస్కునకు కోటా యట్టిది. మా పాఠశాల కంప్యూటరు గదిలో నొక మూలను నల్లని పెట్టె యొకటి రేయింబవళ్లు సన్నగా మ్రోయుచుండును. దానిని ఫైలు సర్వరు అందురు. విద్యార్థులు ఏ బల్లయొద్ద కూర్చుండి పనిచేసినను వారి వ్రాతలు, బొమ్మలు, లెక్కలు అన్నియు చివరకు ఆ పెట్టెలోని డిస్కుననే చేరును. దానిని కనిపెట్టియుండు పని కొన్ని సంవత్సరములుగా మాపై నున్నది. ఆ పనిలో సంక్రాంతి సెలవులకు పిమ్మట మాకు గలిగిన యనుభవ మొకదానిని ఇచ్చట చెప్పుకొనదలచితిమి. అందు మాకు ఘనత యేమియు లేదని ముందుగనే మనవి చేయుచున్నాము.

మొదట కోటా యననేమో చెప్పవలెను. డిస్కు ఎంత పెద్దదైనను దానికొక మేర కలదు. ఒక్కరు దానిని నింపివేసినచో తక్కినవారి కందరికిని చోటు లేకపోవును. చోటు చాలకపోవుట క్రొత్త చిక్కు కాదు. 1956లో ఐ.బి.యం. సంస్థవారు వెలువరించిన మొదటి డిస్కు యంత్రమున ఏబది పళ్లెములుండినను, అందు పట్టినది ఏబది లక్షల అక్షరములు మాత్రమే. అటుపిమ్మట అనేకులు ఒకే యంత్రమును వాడుకొను యూనిక్సు పద్ధతి విశ్వవిద్యాలయములలో వ్యాపించెను. ఆస్ట్రేలియా దేశమున మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయములోని రాబర్ట్ ఎల్జ్ అనువారు ప్రతి వాడుకరికిని వేర్వేరుగ హద్దు నేర్పరచు విధానమును రచించిరి. 1983లో బర్కిలీ విశ్వవిద్యాలయమువారు వెలువరించిన 4.2 బి.యస్.డి. యను యూనిక్సునందు అది చేర్పబడెను. మా సర్వరును నడుపు లినక్సు నందలి కోటాయు ఆ మార్గము ననుసరించినదే.

ఈ విధానమున ఒక్కొక్కరికి రెండు హద్దులుండును; ఒకటి మెత్తనిది, రెండవది గట్టిది. మా విద్యార్థులకు మెత్తని హద్దు 500 మెగాబైట్లు, గట్టి హద్దు 600 మెగాబైట్లు. మెత్తని హద్దును దాటవచ్చును గాని, దాటిన క్షణము మొదలు ఏడు దినముల గడువు మాత్రమే యుండును. ఆలోపల అక్కరలేనివి తీసివేసి హద్దునకు లోబడినచో ఏ చిక్కును లేదు. లోబడనిచో, గడువు తీరిన పిమ్మట ఆ మెత్తని హద్దే గట్టి హద్దగును. అటుపై నొక్క యక్షరమైన వ్రాయ వీలుపడదు. గట్టి హద్దునన్ననో ఎన్నడును దాటరాదు. ప్రతి సోమవారము ఉదయమున మేము 'రెప్‌కోటా' యను ఆజ్ఞ నిచ్చి యందరి లెక్కయు జూచుచుందుము. హద్దు మీరినవారి పేరు ప్రక్కను చిన్న కూడిక గుర్తు కనబడును.

పదవ తరగతి బాలిక యొకతె తన తాతగారి చేనేత మగ్గమును గూర్చి ఈ సంచికకై వ్యాసము వ్రాయుచుండెను. సెలవులకు ముందటి సోమవారమున ఆమె పేరు ప్రక్కను కూడిక గుర్తుండుట మేము చూచితిమి. 'ఏడు దినములున్నవి గదా, తానే సరిచేసికొనును' అని తలంచి కాగితము మడిచి పెట్టితిమి. సెలవులు పది దినములు. గది తాళము మాయొద్దనే యుండెను. ఆ బాలిక సరిచేసికొన దలచినను లోపలికి వచ్చు మార్గమే లేదని మాకు తోచలేదు.

సెలవులు ముగిసిన దినమున ఆమె వచ్చి, వ్యాసమునకు చివర రెండు పేరాలు చేర్చి, భద్రపరచుమని యంత్రమున కాజ్ఞ నిచ్చెను. కోటా మీరినదని యంత్రము చెప్పెను. మరల తెరచి చూడగా వ్యాసమంతయు శూన్యము! ఆ ప్రోగ్రాము మొదట పాత ప్రతిని చెరిపి, పిమ్మట క్రొత్త ప్రతిని వ్రాయును. చెరుపుటకు అడ్డులేకపోయెను, వ్రాయుటకు మాత్రము అనుమతి దొరకలేదు.

ఆమె కన్నీటితో మాయొద్దకు వచ్చెను. మేము పట్టిక జూచితిమి. 520 మెగాబైట్లు! వెంటనే తరగతి యెదుటనే, "పాటలు, సినిమాలు దాచుకొనినచో ఇట్లే యగును" అంటిమి. "నా దగ్గర పాటలు లేవండి మాస్టారూ, ఒక్కసారి చూడండి" అని యామె మెల్లగా ననెను. మేము చూడలేదు. పట్టికలో నంకె యుండగా వేరు సాక్ష్యమేల యని మా తలంపు.

సాయంకాలము గది మూయబోవునప్పుడు ఆ మాట మరల చెవిని బడినట్లయ్యెను. ఆమె ఫోల్డరు తెరచి కొలిచితిమి. అందున్నది 40 మెగాబైట్లే. మిగిలిన 480 ఎచ్చట? యంత్రము పొరబడినదేమో యనుకొని, ఆమె పేరున నున్న ఫైళ్లను డిస్కంతయు వెదకితిమి. ఉమ్మడి ఫోల్డరులో వార్షికోత్సవపు ఫొటోలు నూటయిరువది దొరకెను. ఒక్కొక్కటి సుమారు నాలుగు మెగాబైట్లు. లెక్క సరిపోయెను. వానిని అచ్చట పెట్టుమని డిసెంబరులో కెమెరా కార్డు చేతికిచ్చి చెప్పినది మేమే!

కోటా లెక్కకు ఫైలు ఏ ఫోల్డరులో నున్నదన్నది ముఖ్యము కాదు; అది ఎవరి పేర నున్నదన్నదే ముఖ్యము. ఊరుమ్మడి పనికి తెచ్చిన సరకు, తెచ్చినవాని పద్దున వ్రాయబడినట్లు, పాఠశాల ఫొటోలన్నియు ఆ బిడ్డ పద్దున బడినవి. ఆమె వ్యాసమో? యూనికోడు పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టినను, మొత్తము ఇరువది కిలోబైట్లకు మించదు. ఒక్క ఫొటో యుండుచోట అట్టి వ్యాసములు ఇన్నూరు ఇమిడియుండును.

అప్పుడు పట్టికను మొదటినుండి మరల చదివితిమి. మా పేరు ప్రక్కను హద్దులు రెండును సున్నలే. ఈ విధానమున సున్న యనగా చోటు లేదని కాదు, హద్దు లేదని యర్థము. ఆ సున్న వెనుక పాత ప్రశ్నపత్రములు, ఒకే ఫొటోకు రెండేసి ప్రతులు చేరి 9 గిగాబైట్లై యుండెను. అది పదునెనిమిదిమంది విద్యార్థుల పాలు. సోమవారము సోమవారమును పట్టిక జూచుచు, మా వరుసను మాత్రము ఎన్నడును చదివియుండలేదు.

ఆ రాత్రియే ఫొటోలను ఉమ్మడి పేరునకు మార్చితిమి. బాలిక లెక్క 40కి దిగి, కూడిక గుర్తు పోయెను. ప్రతి రాత్రియు తీయు నకలునుండి వ్యాసమును తిరిగి తెచ్చితిమి. ఆ యుదయము వ్రాసిన రెండు పేరాలు మాత్రము ఎచ్చటను లేవు. మరునాడు అదే తరగతిలో నిలిచి, తప్పు ఆమెది కాదు, మాదని చెప్పితిమి. ఆమె తల వంచుకొని వినెను. పిదప ఆ పేరాలు మరల వ్రాసెను గాని, "మొదట వ్రాసినట్లు రాలేదండి" అనెను. ఆ మాటకు మాయొద్ద సమాధానము లేదు.

ఇప్పుడు గడువును ఇరువదియొక్క దినములు చేసితిమి. మా పేరునకు 2 గిగాబైట్ల హద్దు పెట్టుకొంటిమి. కూడిక గుర్తు కనబడిన నాడే ఆ విద్యార్థిని ప్రక్కకు పిలిచి యడుగుచున్నాము. ఉమ్మడి పనుల ఫైళ్లు ఉమ్మడి పేరననే యుంచుచున్నాము.

విద్యార్థులారా, మీ ఫోల్డరులో అక్కరలేనివానిని తీసివేయుడు. మీ ప్రక్కవారికి చోటు మిగులును. మీ పేరున నెవరైన బరువు మోపినచో భయపడక చెప్పుడు. తలిదండ్రులారా, ఆ మగ్గపు వ్యాసము ఈ సంచికలోనే యున్నది. దయచేసి దాని చివరి రెండు పేరాలు నిదానముగా చదువుడు.