తోడెవరికి?

సోదరీమణులారా! పెంచుకొన్న కుక్కకు తోడుగా మఱియొక కుక్కను తెచ్చుటయా, మానుటయా యను ప్రశ్న మా యింట మూడు మాసములు నలిగినదని చెప్పినచో మీలో కొందఱు నవ్వుదురు. మొదట నేనును నవ్వితిని. కాని యా ప్రశ్న పోను పోను కుక్కను విడిచి నాయొద్దకే వచ్చి నిలిచినది. అందుచేతనే యిది వ్రాయుచున్నాను.

మా కాపురము రాజమహేంద్రవరములో, గోదావరికి నడకదూరమున. మా భైరవుడు తొమ్మిదేండ్ల నాటుకుక్క. గోధుమవన్నె మేను, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. మా అబ్బాయి బడిలో చదువుచుండగా నొక వానకాలపు సాయంకాలమున చొక్కాలో దాచి తెచ్చెను. రెండు దినములుంచి పంపివేయుదునని నాకు మాట యిచ్చెను. ఆ రెండు దినములే తొమ్మిదేండ్లయినవి. క్రిందటి జ్యేష్ఠమాసమున, అనగా 2025 జూన్‌లో, అబ్బాయికి పూనాలో నుద్యోగము దొరకి వెళ్లిపోయెను.

అది మొదలు భైరవుడు సాయంకాలము ఆఱు గంటలకు వీధిగేటు కడకు పోయి, ఇనుపకమ్ముల సందున ముక్కు పెట్టి పండుకొనును. దీపములు పెట్టినను లేవడు. అన్నము సగము విడిచిపెట్టును. రాత్రివేళ లేచి అబ్బాయి గది తలుపు గోళ్లతో గీరును. ఆ చప్పుడునకు నాకును నిద్ర పట్టదు.

చూచినవారెల్లరు నొక్కటే మందు చెప్పిరి: ఒంటరితనము, రెండవదానిని తెండు. ఎదురింటి పిన్నిగారు చెప్పిరి. పాలు పోయువాడు చెప్పెను. కడకు అబ్బాయియే ఫోనులో, "అమ్మా, వాడికి తోడు ఇంకొకటి తెచ్చిపెట్టు. నాకిక్కడ దిగులుగా ఉంది" అనెను. పిల్లవాడు దూరదేశమునుండి దిగులను మాట అనినచో ఏ తల్లి యోచించి చేయును? మావారి స్నేహితునింట కుక్కపిల్లలున్నవని విని, ఒకదానిని తెచ్చుటకు నిశ్చయించితిమి.

తెచ్చుటకు ముందు భైరవుని పశువైద్యునికి చూపితిమి. ఇది మేము చేసిన మంచిపని. ముసలికుక్క తిండి తగ్గించి మూల ముడుచుకొన్నచో మనము వెంటనే మనోవ్యాధి యనుకొందుము. అది పంటినొప్పి కావచ్చును, కీళ్లనొప్పి కావచ్చును, చెవుడు కావచ్చును. భైరవునకు వెనుకకాళ్ల కీళ్లు బిగిసియున్నవి. దవడపన్ను ఒకటి పాడైయున్నది. వైద్యుడు ఆ పన్ను తీసి, మందులిచ్చి, "ఇతను ఎదురుచూసేది కుక్క కోసమా, మనిషి కోసమా? మనిషి లేని దిగులు రెండో కుక్కతో తీరడం అరుదమ్మా. ఒక్కోసారి ఒకటి దిగులుపడే చోట రెండు దిగులుపడతాయి" అనెను. నేను తల యూపితినే కాని ఆ మాటను చెవిని పెట్టలేదు.

మొదటి టీకా వేయించిన రెండు నెలల పిల్లను, చూచుటకని నాలుగు దినములు తెచ్చి యింట నుంచితిమి. అది భైరవుని చెవులు పట్టి వ్రేలాడెను. మొదటినాడు అతడు ఓర్చుకొనెను. రెండవనాడు లేచి వేఱొకచోట పండుకొనెను. మూడవనాడు గుఱ్ఱుమనెను. నేను గద్దింపబోగా మావారు వారించి, గుఱ్ఱుమనుట కుక్క "చాలు" అను మాట యనియు, ఆ మాటను కొట్టి మాన్పించినచో మఱియొకసారి చెప్పకయే కఱచుననియు వైద్యుడు చెప్పినది జ్ఞాపకము చేసిరి. నాలుగవనాడు భైరవుడు మా అత్తగారి మంచము క్రింద దూరి రాలేదు. ఆ పూటనే పిల్ల అత్తగారి చీర కుచ్చెళ్లకు చుట్టుకొనెను. ఎనుబదిరెండేండ్ల మనిషి తూలి స్తంభము పట్టుకొని నిలిచిరి. నా గుండె ఝల్లుమన్నది. ఇంతయు జరిగినను ఆఱు గంటలు కాగానే భైరవుడు మంచము క్రిందినుండి లేచి, పిల్లను దాటుకొని, ఎప్పటివలెనే గేటు కడకు పోయెను.

ఆ రాత్రి అత్తగారి కాళ్లకు నూనె రాయుచుంటిని. ఆమె హఠాత్తుగా, "అమ్మాయీ! ఆ పసిదాన్ని ఎవరి కోసం తెచ్చావు?" అని యడిగిరి.

"భైరవుడికి తోడుగా ఉంటుందని, అత్తయ్యగారూ."

ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత నిట్లనిరి: "నిన్నూ అలాగే తెచ్చుకున్నాం. మీ ఆడపడుచు కాపరానికి వెళ్లిపోయింది, ఇల్లు బావురుమంటోంది, నాకు తోడుంటుందని మీ మామయ్యగారు నీ సంబంధం ఖాయం చేశారు. నీకు తోడెవరని ఆ వేళ ఎవరమూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు."

ముప్పదితొమ్మిదేండ్ల కాపురములో ఆమె యీ మాట యెన్నడు ననలేదు. నేనును అడుగలేదు. పందొమ్మిదేండ్ల వయస్సున కోనసీమనుండి యీ యింటికి వచ్చితిని. మొదటి సంవత్సరము ప్రతిదినము దీపాలవేళ, అమలాపురము పోవు బస్సు మలుపు తిరుగు చప్పుడు కొఱకు పెరటిగుమ్మములో నిలుచుండెడిదానను. నన్నెవరును బాధపెట్టలేదు; ప్రేమగానే చూచిరి. ఐనను, ఒకరు విడిచిపోయిన చోటు పూడ్చుటకు తేబడినవారు ఆ చోటికి సరిగా నొదుగవలెనని యింటివారు తమకు తెలియకయే కోరుదురు. ఒదుగనిచో నొప్పి యిరువురిదియు. ఆ రాత్రి నేను మాటలాడక నూనె రాయుచుండగా, ఆమె నా చేతిమీద చేయి వేసి యూరకుండిరి.

మఱునాడు పిల్లను తిరిగి పంపితిమి. ఇద్దఱు పిల్లలున్న యొక కుటుంబమువారు దానిని సంతోషముగా తీసికొనిరి.

అప్పుడు వైద్యుని మాట మరల తలచితిని. అబ్బాయి ప్రతిదినము ఆఱు గంటలకు భైరవుని గోదావరి గట్టుకు నడిపించుకొని పోయెడివాడు. తొమ్మిదేండ్లు జరిగిన పని యొక్కనాటితో నిలిచినది. మేమా గంటను ఖాళీగా నుంచి, యింటిని నింపజూచితిమి! ఆ సాయంకాలము నేనే గొలుసు చేతబట్టితిని. గుడికో, కొట్టుకో, పేరంటమునకో తప్ప వట్టినే వీధిలో నడచుట నా కదియే మొదలు. కాళ్లు తడబడినవి, ఎవరేమనుకొందురో యనిపించినది. ఎవరు నేమియు ననుకొనలేదు. పుష్కరఘాట్టు మెట్లమీద కూర్చుండి, వంతెనమీద రైలు పోవుటను నేనును భైరవుడును చూచితిమి. పన్నుపోటు తగ్గుటచేతనో, నడకచేతనో, మూడు వారములలో అతడు పళ్లెము ఖాళీ చేయుచుండెను. గేటు కడకు పోవుట మానలేదు. కాని యఱగంట యుండి తానే లోనికి వచ్చుచుండెను.

కథ యింతటితో ముగియలేదు. మా నడకలో నొక నల్లని వీధికుక్క పది యడుగుల వెనుకగా వచ్చుచుండెను. దాని చెవికొన కొంచెము కత్తిరింపబడి యున్నది. 2023లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము వీధికుక్కలను పట్టి, పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్కవ్యాధికి టీకా వేసి, పట్టినచోటనే విడుతురు. ఆ చికిత్స జరిగినదనుటకు చెవికత్తిరింపు గుఱుతు. ఆ నల్లది రానినాడు భైరవుడు నడుమ నిలిచి వెనుకకు చూచును. కొన్నాళ్లకు రాత్రులు గేటునకు ఆవలిప్రక్కన పండుకొనసాగెను, ఈవలిప్రక్కన ఇతడు.

మరల ప్రశ్న వచ్చినది. కాని యీసారి నేను దానిని మఱియొకవిధముగా నడిగితిని: భైరవునకు దీనివలన నేమి యని గాక, దీనికి మావలన నేమి యని. మావారు కాగితము తీసి లెక్క వ్రాసిరి. కుక్క ఆయుర్దాయము పన్నెండు పదమూడేండ్లనుకొందము. రెండు నెలల పిల్లను తెచ్చియుండినచో, నాకిప్పుడు యేబదియెనిమిదేండ్లు గనుక, డెబ్బదియొకటవయేట దానిని మోయవలసియుండెడిది. ఈ నల్లదానికి పండ్లు చూచి వైద్యుడు నాలుగేండ్లుండునని చెప్పెను. ఎదిగినది; అత్తగారి కాళ్లకు చుట్టుకొనదు. మేము పూనా పోయినప్పుడు రెండింటిని చూచువారెవరు? ఎదురింటి పిన్నిగారి కుమారుడు ఒప్పుకొనెను. ఖర్చు రెట్టింపగును, అది మావారి పెన్షనులో పట్టునని తేలినది. తీసికొన్న తరువాత కుదరలేదని వీధిలో విడుచుట తగదు. దత్తత తీసికొన్న కుక్కలు మరల వీధికి పోకుండ చూచుకొను బాధ్యత తీసికొన్నవారిదేయని సుప్రీంకోర్టు 2025 ఆగష్టు 22వ తేదీ యుత్తరువులో చెప్పినది. కోర్టు చెప్పకున్నను ధర్మమదియే.

ఆశ్వయుజమున దానిని తీసికొంటిమి. ముందుగా టీకా మరల వేయించి, పురుగులమందు పోయించి, గోమారులు తీయించితిమి. రెండింటిని మొదట ఇంట కలుపక, గట్టుమీద ప్రక్కప్రక్కన నడిపించి, ఇంటికి కలిసియే తీసికొని వచ్చితిమి. రెండు పళ్లెములు రెండు గదులలో పెట్టితిమి. పడకలు వేఱుచేసితిమి. అత్తగారి మంచము క్రిందిచోటు భైరవునికే విడిచి, అన్నము మొదట అతనికే పెట్టితిమి. పదునైదు దినములు వానిని మనిషి లేకుండ ఒక్కచోట విడువలేదు. తొందరపడనివారికి తగవులు తక్కువ.

పేరు అత్తగారే పెట్టిరి. "భారతం మొదట్లో సరమ తన పిల్లను అన్యాయంగా కొట్టారని జనమేజయుణ్ణి నిలదీసింది, చివర్లో ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. దీన్ని సరమ అని పిలుద్దాం" అనిరి.

సరమ మొదటివారము చీపురు చూచిన వణకెడిది. ఇప్పుడు వసారాలో చీపురుప్రక్కనే నిద్రించుచున్నది. అవి రెండును ఆడుకొనుట తక్కువ; బారెడు దూరమున పండుకొనును. సంక్రాంతికి అబ్బాయి వచ్చినప్పుడు భైరవుడు కీళ్లనొప్పి మఱచి గేటు ఎక్కబోయెను. సరమ మాత్రము వానిని దొంగయనుకొని యిల్లెగిరిపోవునట్లు మొఱిగెను. ఎవరి దిగులుచేత నీ ప్రశ్న పుట్టినదో, ఆ అబ్బాయి దాని కన్నులకు కొత్తవాడు! మేమందఱము నవ్వితిమి, అత్తగారు అందఱికంటె నెక్కువ నవ్విరి.

అబ్బాయి వెళ్లిన మఱునాడు భైరవుడు ఎప్పటివలెనే గేటు కడకు పోయెను. సరమ వెంట పోలేదు. గడపలో, మొగము ఇంటివైపు పెట్టి పండుకొనెను. అతని యెదురుచూపు అతనిది. దానిని తీర్చుటకు మేము సరమను తేలేదు. అందుచేత తీఱకపోయినను దాని తప్పు కాలేదు.

సోదరీమణులారా! మీ యింటికి ఎవరినైనను తోడుగా తెచ్చుకొనునప్పుడు, వచ్చువారికి తోడెవరని ముందుగా నొకరైనను అడుగుదురు గాక.